గాలాడలేదంటే ఎక్కడో అడగండి

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు ట్యాబ్ ఎలా తెరవాలో చెబుతారు, ఏ గడిలో ఏ అంకె నొక్కాలో చెబుతారు, సిగ్నల్ లేకపోతే ఏం చెయ్యాలో కూడా చెబుతారు. ఎదుటి మనిషి మాట ఎలా వినాలో మాత్రం చెప్పరు. నాకూ ఎవరూ చెప్పలేదు. ఆ లోపం వల్ల ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. ఈ సంగతి రాయమని నన్ను ఎవరూ అడగలేదు, అడగరు కూడా. నా అంతట నేనే రాస్తున్నాను.

నా పేరు మార్తమ్మ. ఐనవిల్లి మండలంలో ఇల్లిల్లూ తిరిగి, జబ్బు చేసినవాళ్ళను ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎలా జరిగింది అని అడిగి కాగితం మీద పెట్టడం నేను చేసిన ఉద్యోగం. జనం నన్ను నర్సమ్మగారని పిలిచేవారు. నేను నర్సును కాను. ఎన్నిసార్లు చెప్పినా వినరు గనక కొన్నాళ్ళకు చెప్పడం మానేశాను. చివరి పదేళ్ళూ ఒక వైద్య కళాశాలవాళ్ళ సర్వేలో పనిచేశాను. వాళ్ళకు కావలసింది ఒకటే: వేసవిలో మనుషులు పడిపోతున్నది ఎండ వల్లా, గాలిలో ఉన్న ఓజోన్ వల్లా? దేని వాటా ఎంత?

అడగడానికి చిన్న ప్రశ్న. దాని చుట్టూ నా చెప్పులు ఎన్ని అరిగాయో నాకే తెలుసు.

చేతికొచ్చిన మాట

నాకు అక్షరాలు ముప్పై నాలుగో ఏట వచ్చాయి. అప్పటికి ఆరోగ్య కేంద్రంలో ఊడ్చే పని చేస్తున్నాను. మా అమ్మా నాన్నా పొలం కూలికి పోయినవాళ్ళు, నన్ను బడికి పంపే తీరిక వాళ్ళకు లేదు. మా చర్చి వరండాలో సాయంత్రం పూట పెద్దవాళ్ళకు చదువు చెబుతారంటే వెళ్ళి కూర్చున్నాను. పాఠం పుస్తకం బయట నా అంతట నేను చదివిన మొదటి మాట ఆరోగ్య కేంద్రం గోడ మీద అంటించిన కాగితంలోది. చీపురు చంకలో పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. వడదెబ్బ.

ఎంత సంబరపడ్డానో చెప్పలేను. ఆ రోజంతా బొగ్గు ముక్కతో వెనక గోడ మీద రాసుకుంటూ ఉన్నాను. తర్వాత ఊడ్చే పని నుంచి రాసే పనికి మార్చి చేతికి రిజిస్టరు ఇచ్చారు. వేసవిలో ఎవరు కళ్ళు తిరిగాయన్నా, ఎవరు ఆయాసమన్నా, ఎవరు గుండె పట్టేసిందన్నా నా చెయ్యి ముందు ఆ మాట దగ్గరికే పోయేది. చిన్నప్పటి నుంచీ చదువుకున్నవాళ్ళకు మాటలు చాలా ఉంటాయి, ఒకటి కాకపోతే ఇంకొకటి రాస్తారు. ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళం ఉన్న నాలుగు మాటల్లోనే లోకాన్నంతా ఇరికిస్తాం. ఇది సమర్థించుకోవడానికి చెప్పడం లేదు. ఎమ్మే చదివినవాళ్ళు కూడా అదే చేస్తుండగా చూశాను. వాళ్ళకు నాకున్న సాకు కూడా లేదు.

ఓజోన్ అంటే ఆకాశంలో గొడుగు కాదు

ప్రతి మీటింగులోనూ ఒకాయన లేచి, ‘ఓజోన్ మనల్ని కాపాడేది కదండీ’ అంటాడు. కాపాడేది చాలా పైన ఉంటుంది. మేము వెతికింది కింద, మన ముక్కు దగ్గర ఉన్నది. అది ఏ గొట్టంలోంచీ నేరుగా రాదు. వాహనాల పొగా, రంగుల, ఇంధనాల ఆవిర్లూ ఎండలో ఉడికితే తయారవుతుంది. గాలి కదలకుండా ఎండ తెల్లగా కాసే రోజున భోజనాల వేళ నుంచి పెరిగి, పొద్దు వాలేసరికి తగ్గుతుంది. కంటికి కనపడదు. తువ్వాలు మూతికి చుట్టుకుంటే ఆగదు. చెట్టు నీడలో నిలబడినా ఆగదు.

ఇంకో సంగతి చెబితే జనం నా మొహం వంక చూసి నవ్వేవారు. జొన్నాడ దగ్గర హైవే పక్కన ఉన్నదాని కంటే, లోపల నాలుగు ఊళ్ళ అవతల కొబ్బరి తోటల్లో అది ఎక్కువ ఉండే రోజులుంటాయి. లారీ వెనకే అప్పుడే వచ్చిన పొగ ఓజోన్‌ను తినేస్తుంది. పొగ పాతబడి, గాలికి కొట్టుకొచ్చి, ఎండలో నానిన చోట మిగిలిపోతుంది.

‘కోనసీమలో కాలుష్యం ఏంటండీ, చోద్యం కాకపోతే’ అనేవారు. ‘మా తోటల గాలి పీల్చడానికి పట్నం వాళ్ళు కార్లేసుకుని వస్తున్నారండీ.’ ఆ కార్ల పొగ గురించే చెబుతున్నానంటే కాఫీ తాగమని మాట మార్చేసేవారు.

జత కట్టడం

లెక్కలు చూసే అమ్మాయి పేరు హారిక. హైదరాబాదు నుంచి వచ్చింది. మొదటి నెల రోజులూ తల పట్టుకుని కూర్చుంది.

‘ఆంటీ, ఎండ ఎక్కువున్న రోజే ఓజోన్ కూడా ఎక్కువుంటోంది. రెండూ కలిసే వస్తే ఏది కొట్టిందో ఎలా చెప్పాలి?’

‘కలిసి రాని రోజులే లేవామ్మా?’ అన్నాను.

ఉన్నాయి. వానలు పడే ముందు మబ్బు పట్టి ఒళ్ళంతా ఉడికిపోయే రోజులుంటాయి. వేడి వేడే, ఎండ లేదు గనక ఓజోన్ తక్కువ. శివరాత్రి దాటాక ఆకాశం తేటగా ఉండి, గాలి స్తంభించి, ఒంటికి హాయిగా ఉండే రోజులుంటాయి. వేడి పెద్దగా లేదు, ఓజోన్ ఉంది. ఎడ్లకు జత కట్టేవాళ్ళు ఎత్తు సమంగా ఉన్నవాటినే పక్కపక్కన నిలబెట్టి చూస్తారు. హారిక కూడా అదే చేసింది. ఒకే నెలలో, ఒకే వేడి, ఒకే ఉక్క ఉన్న రెండు రోజులు తీసుకుని, ఒకదాంట్లో ఓజోన్ ఎక్కువ, రెండోదాంట్లో తక్కువ ఉండేలా ఏరింది. అలాంటి జతలు బోలెడు కట్టి, ఏ రోజు జబ్బులు ఎక్కువో చూసింది.

పద్ధతి బంగారంలాంటిది. దాంట్లో పోసిన సరుకు నాది. అందులోనే ఉంది తప్పు.

మొదటి తప్పు తేదీలది. మా ఆరోగ్య కేంద్రంలో చీటీలు పొద్దున్నే ఇస్తారు. మధ్యాహ్నం తోటలో ఆయాసం వచ్చినవాళ్ళు ఆ పూటకు ఓర్చుకుని మర్నాడు పొద్దున్న వస్తారు. వాళ్ళు వచ్చిన రోజు తేదీనే నేను వేసేదాన్ని. పైగా ఓజోన్ దెబ్బ కొందరికి మర్నాడో ఆ మర్నాడో బయటపడుతుంది. నిన్నటి ఎండ పూట జరిగినది నా రిజిస్టరులో ఇవాళ్టి మబ్బు పూట జరిగినట్టు కూర్చుంది. హారిక అడిగేదాకా నాకు తట్టలేదు. అడిగాక సిగ్గేసింది. అయినా అది దిద్దుకోగల తప్పే. రెండోది అలాంటిది కాదు.

సత్యవతి చెప్పింది, నేను రాసింది

సత్యవతి కొబ్బరి దింపులో కాయలు మోసేది. మగవాళ్ళు చెట్టెక్కి గెలలు కోసి పడేస్తారు. ఆడవాళ్ళు ఏరి, గంపలకెత్తి, తోట మధ్య నుంచి రోడ్డు పక్కన రాశి దాకా మోస్తారు. ఆ గంప ఒక్కసారి ఎత్తి చూస్తే గానీ ఆ పనిలో ఊపిరి ఎంత తీసుకోవాలో తెలియదు. నలభై దాటిన మనిషి, గట్టి మనిషి. నేను వెళ్ళినప్పుడల్లా చాప వేసేది.

‘ఏమైందమ్మా నిన్న?’ అని అడిగాను మొదటిసారి.

‘ఏం లేదక్కగారూ. తోటలో గాలాడలేదండి. కాసేపు కూలబడిపోయేను.’

తోటలో గాలాడలేదు. ఉక్కబోసిందన్నమాట అనుకున్నాను. మనం అనుకునేది అదే కదా. ఆకు కదలకపోతే గాలాడట్లేదంటాం. వేడి గడిలో గీత పెట్టాను, పక్కన వడదెబ్బ అని గుండ్రంగా రాశాను. ఆ ఏడాది ఇంకోసారి, మరుసటేడు మరోసారి అదే మాట చెప్పింది, నేనూ అదే గీత పెట్టాను.

ఆ కాగితాలు చూసి మా ఆరోగ్య కేంద్రం డాక్టరు గారు ఆవిడను పిలిచి చెప్పారు.

‘మీకు ఎండ పడట్లేదమ్మా. టీవీలో ఎండలు ఎక్కువని చెప్పిన రోజు తోటకి వెళ్ళకండి. మజ్జిగ తాగండి. మిగతా రోజులు నిక్షేపంలా పని చేసుకోవచ్చు.’

‘ఆయ్, అలాగేనండి’ అంది.

అలాగే చేసింది. అదే జరిగిన ఘోరం. మన మాట పట్టించుకోని రోగుల గురించి డాక్టర్లు వాపోతుంటారు. మన తప్పుడు మాటను తు.చ. తప్పకుండా పాటించే రోగి గురించి ఎవరూ మాట్లాడరు.

ఆవిడ మొదటిసారి చెప్పిన రెండేళ్ళకు, మార్చిలో ఒక రోజు. ఎండలు ఇంకా ముదరలేదు. ఆకాశం తేటగా ఉంది, కొబ్బరాకు కదలడం లేదు, ఒంటికి మాత్రం సుఖంగానే ఉంది. టీవీలో హెచ్చరిక లేదు. సత్యవతి మధ్యాహ్నం కూడా పనిలో ఉండిపోయింది. మూడో గంపతో వస్తూ దారిలో పడిపోయింది. పెదాలు నల్లబడిపోయాయట. ఆవిడ తోటికోడలు దుర్గ కూడా అదే తోటలో ఉంది గనక సరిపోయింది, ఆటోలో వేసుకుని అమలాపురం ఆసుపత్రికి తీసుకుపోయింది. మూడు రోజులు ఆక్సిజన్ పెట్టారు.

మర్నాడు నేను వెళ్ళేసరికి మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. పడుకుంటే ఊపిరి అందడం లేదు.

‘అక్కగారూ, నిన్న ఎండ అంత లేదండి. మీరు చెప్పినట్టు చూసుకునే వెళ్ళేను’ అంది. తప్పు తనదేనేమో అని సంజాయిషీ చెప్పుకుంటోంది నాకు.

‘ఛాతీలో ఇలా అవుతోందని ముందెప్పుడూ చెప్పలేదేమ్మా?’ అన్నాను.

‘మూడుసార్లు చెప్పేను కదండీ, గాలాడలేదని.’

‘తోటలో గాలాడలేదన్నావు. ఉక్కేమో అనుకున్నాను.’

ఆవిడ గట్టిగా ఊపిరి లాక్కుంది. కొంత ఆయాసం వల్ల, కొంత నా తెలివికి.

‘తోటలో గాలాడకపోతే నాకెందుకండీ, చెట్లు చూసుకుంటాయి. నాకు ఛాతీలో ఆడలేదు.’

దుర్గ ఫక్కున నవ్వి, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వు రాలేదు.

డాక్టరు గారి ఒక్క ముక్క

మా డాక్టరు గారు చెడ్డవారు కారు. రోగిని కసురుకోవడం నేను చూడలేదు. కాగితం దగ్గరికి వచ్చేసరికి మాత్రం వేరే మనిషి అయిపోయేవారు. గడిచిన రెండేళ్ళలో గాలాడలేదన్న ప్రతి ఇంటికీ మళ్ళీ వెళ్ళి అడుగుతానని చెప్పాను.

‘అయిపోయిన రిజిస్టరు తిరగదోడతావా మార్తమ్మా? పైవాళ్ళకి ఏమని చెప్పను?’

‘తప్పు రాశామని చెప్పండి.’

‘ఒకచోట తప్పంటే అంతా తప్పనుకుంటారు.’

‘ఒకచోట కాదు కదండీ.’

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ‘చూడు, వాళ్ళు అడిగేది ఒక్క ముక్క. ఎండా, ఓజోనా? నువ్వు చెప్పు.’

‘రెండూనండి. ఒక్కోరోజు ఒకటి, ఒక్కోరోజు ఇంకొకటి, కొన్ని రోజులు రెండూ కలిసి.’

‘రెండూ అంటే ఏదీ తేల్లేదనుకుంటారు.’

ఆయన సెలవిస్తే గానీ వెళ్ళకూడదని నాకు తెలుసు. సెలవియ్యలేదు. వెళ్ళాను. ఇది చెయ్యండని మీకు చెప్పడం లేదు. నేను చేశానని చెబుతున్నాను.

ఈ ఒక్క ముక్క జబ్బు ఆయనొక్కడిదే కాదు. పేపరువాళ్ళదీ అదే, ఆఫీసర్లదీ అదే. ఎండ మీద తోసేస్తే అందరికీ సుఖం. ఎండను ఎవరూ ఏమీ చెయ్యలేరు గనక ఎవరూ ఏమీ చెయ్యక్కర్లేదు. పొగ అంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాల్సి వస్తుంది.

ఎక్కడ?

వర్షాలు మొదలయ్యేదాకా తిరిగాను. కె.గంగవరం వైపు కాపురాలు మారిపోయినవాళ్ళ దగ్గరికి బస్సెక్కి కూడా వెళ్ళాను. అడిగింది ఒకటే మాట. ‘గాలాడలేదన్నారు కదా, ఎక్కడ?’

కొందరు చెయ్యి చాపి పెరడు చూపించారు. కొందరు చెయ్యి తెచ్చి గొంతు కింద పెట్టుకున్నారు. ఒక పెద్దాయన, ‘ఎక్కడేమిటమ్మా, ఈ గదిలోనే. ఆ రోజు కరెంటు పోయింది, ఫ్యాను తిరగలేదు. దానికి కూడా రాసుకెళ్ళేవా?’ అన్నారు. రాసుకెళ్ళాను తండ్రీ, వడదెబ్బ అని.

గొంతు కింద చెయ్యి పెట్టుకున్నవాళ్ళను వేరు చేసి, తేదీలు దిద్ది, హారిక చేతిలో పెట్టాను. ఆ పిల్ల మళ్ళీ జతలు కట్టింది. వేడి సమంగా ఉన్నా సరే, తెల్లటి ఎండ కాసి గాలి కదలని రోజుల్లో, ఆ తర్వాతి ఒకటి రెండు రోజుల్లో, ఛాతీ పట్టేసినవాళ్ళు ఎక్కువ కనిపించారు. కళ్ళు తిరిగి పడినవాళ్ళు, చెమట ఆగిపోయి ఒళ్ళు కాలిపోయినవాళ్ళు వేడి వెంట నడిచారు, ఓజోన్‌ను పెద్దగా లెక్కచెయ్యలేదు. రెండూ ఎక్కువైన రోజులు మాత్రం ముడి విడలేదు. ఆ రోజుల్లో వేడికి అలిసిన ఒంట్లోకి ఓజోన్ వెళుతుంది, ఏది ఎంత చేసిందో విడదీయడం కుదరదు. కుదిరిందని ఎవరైనా మీకు ఖచ్చితంగా చెబితే ఆయన లెక్కలు ఇంకోసారి చూడండి.

ఇంకొకటి కూడా హారిక నాకు గట్టిగా చెప్పింది, నేను మీకు చెబుతున్నాను. వందల రోజులు కలిపి చూస్తే తెలిసేది ఒక మనిషి విషయంలో తెలియదు. సత్యవతిని ఆ రోజు పడేసింది ఓజోనే అని నేను ప్రమాణం చెయ్యలేను. జలుబు ఉండొచ్చు, కొబ్బరి దుమ్ము ఉండొచ్చు. నేను ప్రమాణం చెయ్యగలిగింది ఒక్కటే. ఆవిడ ఛాతీ అని చెప్పింది, నేను ఎండ అని రాశాను. రెండేళ్ళు పీల్చే మందు అందాల్సిన మనిషికి మజ్జిగ అందింది.

భోజనాలయ్యాక

తర్వాత ఆవిడకు పీల్చే మందు ఇచ్చారు. ‘అలవాటైపోద్దంటండి’ అని మొదట మొండికేసింది. అన్నం కూడా అలవాటే కదా, మానేస్తావా అని తిట్టాను. దింపు మేస్త్రి దగ్గర పొద్దుటి మోత మాత్రమే ఒప్పుకుంది. మధ్యాహ్నం మోతకు ఆవిడ బదులు దుర్గ వెళ్ళడం మొదలుపెట్టింది. మేస్త్రికి గంప కదలాలి, ఎవరి నెత్తిన కదిలితే ఆయనకేం.

నేను ఉద్యోగం మానే ముందు చివరి వేసవి. సత్యవతి ఇంటి అరుగు మీద కూర్చుని ఫారం నింపుతున్నాను. ఆవిడ కొబ్బరి ఈనెలు గీస్తోంది. దుర్గ తోట నుంచి వచ్చింది. గంప దింపి, గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది.

‘గాలాడట్లేదక్కా’ అంది.

నేను కలం ఎత్తాను. నోరు తెరిచేలోపే సత్యవతి అడిగేసింది.

‘ఎక్కడే?’

దుర్గ చెయ్యి తీసుకెళ్ళి గొంతు కింద పెట్టుకుంది. సత్యవతి చేతిలో కత్తి కింద పెట్టేసింది. దుర్గను కూర్చోబెట్టి, జాకెట్టు వదులు చేసి, వీధిలోకి వెళ్ళి ఆటోను కేకేసింది. ఆ కేకకు జనం పోగయ్యారు. మజ్జిగ పట్టండని, నిమ్మకాయ నీళ్ళు పట్టండని తలో మాట అంటుంటే, ‘ఏం వద్దు, డాక్టరు గారి దగ్గరికి’ అని ఆటో ఎక్కించింది. ఆరోగ్య కేంద్రంలో మందు పట్టించి, పొద్దు వాలేదాకా ఉంచుకుని పంపారు. ఇంటికొచ్చాక దుర్గ తనే నడిచి లోపలికి వెళ్ళింది.

సత్యవతి అరుగు మీద నా పక్కన కూర్చుంది. తన బదులు వెళ్ళినందుకే దుర్గకు ఇలా అయిందని ఆవిడ మొహంలోనే ఉంది.

‘రేపటి నుంచి మధ్యాహ్నం మోతకి మా ఇంట్లోంచి ఎవరూ వెళ్ళం. మేస్త్రిగారితో నేనే చెప్తాను. మిగతావాళ్ళతో కూడా.’

‘ఏమని చెబుతావు?’

‘దుర్గ గురించి మీరేం రాసేరో చదవండి.’

చదివాను. ‘మధ్యాహ్నం తోట నీడలో కాయలు మోస్తుండగా ఛాతీలో గాలి ఆడలేదు. ఎండ తీవ్రత లేదు.’

‘ఇంకోసారండి.’

మళ్ళీ చదివాను. ఆవిడ పెదాలు కదుపుతూ కంఠతా పట్టింది. ఆవిడకు చదువు రాదు. మూడోసారి నన్ను చదవనివ్వలేదు, తనే గోడ వైపు తిరిగి, మేస్త్రి ఎదురుగా ఉన్నట్టు చెప్పింది.

‘భోజనాలయ్యాక తోట నీడలో కాయలు మోస్తుంటే ఛాతీలో గాలాడలేదండి. ఎండ అంత లేదండి.’

‘మధ్యాహ్నం అని కదా ఉంది’ అన్నాను.

‘మధ్యాహ్నం అంటే పన్నెండింటికి కాసేపు ఆపి, మళ్ళీ రమ్మంటాడండి. భోజనాలయ్యాక అంటే సాయంత్రం దాకా అని ఆయనకి తెలుసు.’

నా కాగితం మీద మధ్యాహ్నం కొట్టేసి, భోజనాలయ్యాక అని రాశాను.